పెద్దమ్మ పెంచిన గాయకుడు

టోక్యో పశ్చిమ శివార్లలోని కునితాచిలో మేముంటున్నాం. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. నేను తెలుగులో అడిగినదానికి తను జపనీసులో జవాబు చెప్పడం బడిలో చేరకముందే మొదలైంది. ఆ దిగులుతో ఇంట్లో తెలుగు పాటలు తప్ప మరేవీ వినిపించకూడదని చాలాకాలం పట్టుబట్టాను. ఆ పట్టు సడలడానికి కారణం, ఇదే ఊళ్లో పెరిగిన రాక్ గాయకుడు ఇమావానో కియోషిరో. 1951లో పుట్టిన ఆయన, ఆర్‌సీ సక్సెషన్ అనే బృందంతో పేరు తెచ్చుకుని, గొంతు క్యాన్సర్ బారినపడి 2009 మే 2న కన్నుమూశారు. టోక్యోలోని అయోయమలో జరిగిన అంతిమ వీడ్కోలుకు 40 వేల మందికి పైగా వచ్చారు.

ఆయన పాటల్లో మా ఇంటికి మొదట వచ్చింది 'డే డ్రీమ్ బిలీవర్'. సెవెన్ ఇలెవెన్ దుకాణాల ప్రకటనల్లో వినిపించే ఆ పాట ఇక్కడి పిల్లలందరికీ నోటికి వచ్చు. 1967లో మంకీస్ అనే అమెరికన్ బృందం పాడిన పాట బాణీకి కియోషిరో జపనీసులో కొత్త మాటలు రాసుకుని, 1989లో టైమర్స్ అనే మరో బృందంతో పాడారు. ఒక్కో అక్షరాన్ని ఒక్కో స్వరం మీద నిలిపి, ఏదీ మింగకుండా పలకడం ఆయన పద్ధతి. జపనీసు మాటలు కూడా మన మాటల్లాగే చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి, ఆయన పాడుతుంటే ఆ చివరి అచ్చులన్నీ నా చెవికి చుట్టాల్లా తోచాయి. నాకు భాష సరిగా రాని రోజుల్లో కూడా ఆయన పాటలో ఏ మాట ఎక్కడ ముగిసిందో తెలిసేది.

ఆ పాట ప్రేయసి గురించినదని మా అమ్మాయి అనుకుంది, నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడిక ఎక్కడా లేని ఒక స్త్రీ ఫోటోను చూస్తూ, ఆమె తనకు రాణి అని చెప్పుకునే పాట అది. కియోషిరోకు మూడేళ్లప్పుడే కన్నతల్లి చనిపోతే ఆమె అక్క, బావ ఆయన్ను పెంచుకున్నారని, ఆ పాట ఆ పెంచిన తల్లి కోసమే రాశారని అభిమానులు నమ్ముతారని తర్వాత తెలిసింది. ఈ సంగతి చెప్పినప్పుడు మా అమ్మాయి జపనీసులో, "అంటే ఆమె అమ్మ కాదు, ఓబా కదా" అంది. ఓబా అంటే తల్లి తోబుట్టువైనా, తండ్రి తోబుట్టువైనా ఒకటే మాట. పెద్దదా, చిన్నదా అన్నది రాతలో తెలుస్తుంది గానీ పలుకులో తెలియదు. "మన లెక్కలో ఆమె పెద్దమ్మ" అన్నాను. తను కాసేపు ఊరుకుని, "అయితే అమ్మే కదా" అని తెలుగులో అంది.

ఈ మాట దానికి ఊరికే తోచింది కాదు. రెండో తరగతిలో ఉన్నప్పుడు, ఖమ్మంలోని మా అక్క కూతురి గురించి బడిలో 'మా అక్క' అని రాస్తే, ఇంట్లో పెద్దమ్మాయి కూడా ఉందా అని టీచరు, ఇంటికీ బడికీ మధ్య తిరిగే సమాచార పుస్తకంలో మర్యాదగా అడిగారు. ఆ రోజు మా అమ్మాయి తను తప్పు రాశానని బాధపడింది. కియోషిరో కథ విన్న ఆదివారం వీడియో కాల్‌లో మా అక్కతో, "పెద్దమ్మా, ఆయన్ని కూడా పెద్దమ్మే పెంచింది" అని చెప్పింది. తడుముకోకుండా, అడక్కుండా తెలుగులో ఒక పూర్తి వాక్యం చెప్పి ఎన్ని నెలలైందో నాకు గుర్తులేదు.

ఆ పెంచిన తల్లి గురించి నేను తరచుగా ఆలోచిస్తాను. హైస్కూల్లో ఉన్న కొడుకు గిటారే తన బతుకుతెరువంటున్నాడు, ఏం చేయమంటారని ఆమె ఒక దినపత్రికలోని సలహాల శీర్షికకు ఉత్తరం రాసింది. అప్పటి ఆమె భయానికీ నా భయానికీ పెద్ద తేడా లేదనిపిస్తుంది. ఆ హైస్కూలు రోజుల్లోని డ్రాయింగ్ మాస్టారి మీద ఆయన కట్టిన పాట 1972లో వచ్చింది. టీచర్ల గది నచ్చక, రంగుల వాసన నిండిన గదిలో ఒంటరిగా సిగరెట్ కాలుస్తూ కూర్చునే ఆ మాస్టారంటే పిల్లవాడికి ఎంత ఇష్టమో, ఒక్క పొగడ్త మాట లేకుండానే తెలిసిపోతుంది. ఆయన పాటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. మా ఆయన 'నాన్న పాట'ను ఎంచుకుంటారు. ఇంట్లో బద్ధకంగా పడుకునే నాన్న పగలు పనిలో ఎలా మెరుస్తాడో చెప్పే పాట కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. 1980 నాటి 'వాన వెలిసిన రాత్రి ఆకాశం' మా అమ్మాయికి మొరాయించిన కారు పాట మాత్రమే. ఆ కారుకున్న రెండో అర్థం పెద్దయ్యాక తనే తెలుసుకుంటుంది.

మా ఊళ్లో తమరన్‌జక అనే ఎత్తైన వాలుదారి ఉంది. కియోషిరో ఆ దారి మీద ఒక పాట పాడారు, అది 1981 నాటి 'బ్లూ' ఆల్బమ్‌లో ఉంది. అక్కడి రాతిగోడ దగ్గర అభిమానులు ఆయనకు రాతలు రాసి వెళ్తుంటారు. పరుగెత్తుతూ ఎక్కిన విద్యార్థులు 'తమరన్' అని ఆయాసపడినందువల్ల ఆ పేరు వచ్చిందని ఒక కథ చెబుతారు. ఆ మాటను తెలుగులో ఏమంటారని మా అమ్మాయి అడిగితే, "ఇంక నావల్ల కాదు" అంటారని చెప్పాను. ఇప్పుడు సైకిల్ మీద ఆ వాలు సగానికి చేరగానే దిగి, హ్యాండిల్ పట్టుకుని నెడుతూ, "ఇంక నావల్ల కాదమ్మా" అంటుంది. గోడ దాకా వచ్చాక ఆగి, కొత్త రాతలేమైనా ఉన్నాయేమోనని చూస్తుంది.