గుడ్డ కట్టిన కుండ

పిల్లల చేత దానం చేయించడం మన ఇళ్లలో కొత్త కాదు. ధనుర్మాసంలో హరిదాసు వాకిట్లోకి రాగానే అమ్మ మన దోసిట్లో బియ్యం పోసేది. ఆయన వంగితే తలమీది అక్షయపాత్రలో మనమే వేసేవాళ్లం. బియ్యం అమ్మవి, చెయ్యి మనది. ఇచ్చేది కూడా మనదే కావాలని పట్టుబట్టింది మాత్రం మనం కలిసి చదువుకున్న బడి, అందులోనూ మన పెద్ద మాస్టారు.

ఆయన వయసులో ఉండగా గాంధేయుల సర్వోదయ ఉద్యమంలో తిరిగిన మనిషి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి గారు భూమిలేనివాళ్లకు వంద ఎకరాలు ఇస్తానని ముందుకొచ్చిన కథ మనకు పాఠ్యపుస్తకం కంటే ముందే చెప్పారు. ఆ తర్వాతి కాలంలో వినోబా ప్రతి ఇంట్లో సర్వోదయ పాత్ర పెట్టమన్నారు. రోజూ ఒక గుప్పెడు గింజలు, అదీ ఇంట్లో చిన్నపిల్లల చేత్తోనే వేయించమన్నారు. మన వరండాలో ఐదో తరగతి గుమ్మం పక్కనున్న కుండ ఆ పాత్రే.

కుండ మూతికి ముతక గుడ్డ బిగించి కట్టి, మధ్యలో పిల్లల చెయ్యి పట్టేంత చిల్లు పెట్టారు. చెయ్యి లోపలికి పోయాకే పిడికిలి విప్పాలి. ఎవరు ఎంత వేశారో ఎవరికీ కనపడదు. సన్నబియ్యం తెచ్చినవాడూ, నూకలు తెచ్చిన పిల్లా, ఆ రోజు ఇంట్లో ఏమీ లేక ఖాళీ పిడికిలితో వచ్చినవాడూ అదే వరసలో నిలబడేవాళ్లు. "నీ చెయ్యి లోపలికి వెళ్లిందా? చాలు నాయనా" అనేవారు మాస్టారు. ఆ గుడ్డ విలువ నాకు పెద్దయ్యాక గానీ పూర్తిగా తెలియలేదు. లేనివాడిని సిగ్గుపడనివ్వలేదు, ఉన్నవాడిని మురిసిపోనివ్వలేదు.

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. ఖమ్మం జిల్లాలో సముద్రమన్నదే చూడని పిల్లలం మనం. నీళ్లు ఊళ్లమీద పడి పది వేలమందికి పైగా పోయారంటే ఊహకే అందలేదు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాల కోసం తిరిగారని పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే మనమూ ఏదైనా ఇవ్వాలని తహతహలాడాం. మాస్టారు బట్టలు తెమ్మన్నారు.

మర్నాడు వరండాలో బట్టలు కుప్ప పడ్డాయి. ఆయన కింద కూర్చుని ఒక్కొక్కటీ తీసి వెలుతురుకు పట్టి చూశారు. చిరిగినవి పక్కన పెట్టేశారు. "నువ్వు వేసుకోలేనిది వాళ్లు మాత్రం ఎలా వేసుకుంటారురా?" అని అడిగారే తప్ప ఎవరినీ కోప్పడలేదు. గుండీలు ఊడినవాటికి మన చేతే కుట్టించారు. దారం సూదిలోకి ఎక్కించడం నేను నేర్చుకుంది ఆ రోజే. ఉతికి, ఆరేసి, మడతపెట్టి మూటలు కట్టాం. ఊళ్లో ఒక పెద్దాయన బియ్యం బస్తా పంపితే దండం పెట్టి తీసుకున్నారు గానీ, పిల్లల బియ్యంలో కలపలేదు.

నాకు అన్నిటికంటే గుర్తున్నది మాస్టారు దివిసీమలోని నాగాయలంక వైపు వెళ్లి తిరిగొచ్చాక చెప్పిన మాటలు. బియ్యం ఇచ్చారట, వండుకోవడానికి గిన్నె లేదట. బావుల్లో ఉప్పునీళ్లట. "ఏం కావాలో వాళ్లను అడక్కుండా మూటలు కట్టుకుపోయామర్రా" అన్నారు. వెంటనే మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి గిన్నెలు, గ్లాసులు, కంచాలు. నా పేరు చెక్కించిన స్టీలు గ్లాసు ఒకటుండేది, మా అమ్మమ్మ పెట్టింది. ఇస్తానంటే అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే చింతపండుతో తోమి ఇచ్చింది. ఆ గ్లాసు వెళ్లిపోయాక కొన్నాళ్లు మంచినీళ్లు తాగినప్పుడల్లా అది తలపుకొచ్చేది. ఇవ్వడమంటే ఏమిటో ఆ చిన్న వెలితితోనే నాకు అర్థమైంది. బాధపడ్డానని కాదు, నాది ఎక్కడో ఎవరికో ఉపయోగపడుతోందని పదే పదే అనిపించేది.

ఇప్పటి పిల్లలకు మనసు లేదని నేననను. మనమే వాళ్లకు సందు ఇవ్వడం లేదు. స్కూలు గ్రూపులో మెసేజ్ వస్తుంది, నాన్న ఫోన్లో డబ్బు పంపిస్తాడు, పిల్లవాడికి ఆ సంగతే తెలియదు. లేదంటే ఎక్కువ వసూలు చేసినవాళ్లకు బహుమతి అంటారు. అప్పుడు వాడికి గుర్తుండేది బహుమతి, సాయం అందుకున్న మనిషి కాదు. డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినానికి మనం కాగితం జెండా గుండెమీద పెట్టుకుని డబ్బాలో పైసలు వేసేవాళ్లం. ముందు మాస్టారు ఆ పైసలు ఎవరికి వెళ్తాయో చెప్పేవారు, గాయపడ్డ జవాన్ల గురించి, వాళ్ల కుటుంబాల గురించి. అది తెలిశాకే డబ్బా తిరిగేది.

మన పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి మనవళ్లను, మనవరాళ్లను తీసుకొస్తున్న మిత్రులకు నాదొక విన్నపం. ఈసారి మన బడి పిల్లలకు ఏం కావాలో ముందే ప్రధానోపాధ్యాయులను అడిగి గ్రూపులో పెడతాను. అందులో ఏదో ఒకటి మీ పిల్లలు తమ సొంత వస్తువుల్లోంచి, తమకు ఇష్టమైనవాటిలోంచి తామే ఎంచుకుని తేనివ్వండి. కొత్తవి కొనిపెట్టకండి. ఇవ్వనంటే బలవంతం చేయకండి, మళ్లీ ఏడాది వస్తుంది. పెద్దల విరాళాలకు రసీదులు యథాప్రకారం ఉంటాయి. పిల్లలు తెచ్చినవన్నీ మాత్రం పేర్లు లేకుండా, వేదిక మీద చదవకుండా, రిజిస్టరులో ఒకే పద్దుగా రాయమని కోశాధికారి గారిని అడిగాను. సరేనన్నారు.