మైపాడు రోడ్డు మీద ఒడ్లు ఎండేదాకా

నెల్లూరు దగ్గర మైపాడు బీచ్‌లో డిసెంబరులో జరగాల్సిన ట్రయథ్లాన్, అదే ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పందెం, వానలకి వాయిదా పడి మార్చి ఆఖరుకొచ్చింది, సరేలే అనుకుంటే మొన్న వాట్సాప్‌లో "కోర్సులో చిన్న మార్పులు" అని ఒక మ్యాప్ పడేశారు. చూస్తే ఈత మొదలయ్యే చోటు మారింది, 40 కిలోమీటర్ల సైకిల్ కాస్తా మైపాడు నుంచి ఇందుకూరుపేట వైపు పోయి వచ్చేలా రెండు రౌండ్లు చేశారు, 10 కిలోమీటర్ల పరుగులో సగం తారు రోడ్డు తీసేసి సరుగుడు తోటల్లోకి తోసేశారు. ఇంక మార్చకుండా ఏం మిగిల్చారని చిన్న మార్పులు? ఎందుకైనా మంచిదని ఒంగోల్లో పొద్దున్నే రైలెక్కి నెల్లూరులో దిగి, బామ్మర్ది సైకిల్ తీసుకుని మైపాడు గేటు దగ్గర్నుంచి తొక్కడం మొదలుపెట్టా.

ఇందుకూరుపేట దాకా చెప్పుకోడానికేం లేదు, ఆటోలు, స్కూలు బస్సులు, దుమ్ము. అది దాటాక రోడ్డులో సగం ఒడ్లే. మా వైపు మినుములో కందులో కాసిని రోడ్డు మీద ఆరబోస్తే చూశా గానీ ఇట్లా కనుచూపు మేర ఎప్పుడూ చూడలా. బళ్ళు ఎక్కకుండా అంచు వెంబడి పిడికిలంత రాళ్ళు పేర్చారు, కారువాడికి అవి లెక్కలేదు, సన్న టైర్ల సైకిల్ మీద తల దించుకుని స్పీడుగా పోయేవాడికి మాత్రం ఒక్క రాయి చాలు. రెండు రౌండ్లంటే అదే రాళ్ళ పక్కన నాలుగు సార్లు పోవాలి, ఎదురుగా ట్రాక్టరొస్తే ఇంక దేవుడే దిక్కు.

నీళ్ళు తాగుదామని ఆగితే, కాళ్ళతో ఒడ్లు తిరగేస్తా ఉన్న ఒక పెద్దామె "నాయనా, ఒడ్ల మీదికి ఎక్కించబాక" అని ముందే చెప్పేసింది. ఎక్కించనులేమ్మా అని మాటల్లో పడ్డా. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, బయట మిల్లోళ్ళకి అమ్మితే తేమ సాకు చెప్పి పుట్టికి ఇంతని కోత పెడతారు, అందుకని కోత మిషన్ నుంచి దిగిన ఒడ్లు నేరుగా రోడ్డెక్కుతున్నాయి. ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు, మాకేమో అంతా బస్తాల లెక్క, రేటు సరిగ్గా అర్థమయ్యేసరికి నాకు కాసేపు పట్టింది. పెద్దామె పిడికెడు గింజలు తీసి ఒకటి పంటి కింద పెట్టి కొరికి, "ఇంకా రెండెండలు కావాల" అంది. తేమ కొలిచే మిషన్ లేదు ఏం లేదు. ఆదివారం మా పందెం ఉందమ్మా, అప్పటికి తీసేస్తారా అనడిగా. "మిల్లోడు లారీ పంపిస్తే తీసేస్తాం, పంపకపోతే యాడ పోసుకోమంటావ్?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, మ్యాప్ గీసినోళ్ళ దగ్గర కూడా ఉండదు.

పందెం ముందు రాత్రికి బీచ్ దగ్గర రూం అడిగితే 2500 అన్నాడు, ఏసీ పనిచెయ్యదంట.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయన్ని ఈత సంగతి అడిగా. ఎటు నుంచి ఎటు అన్నాడు. ఉత్తరం నుంచి దక్షిణానికి, కిలోమీటరున్నర అన్నా. నవ్వి, అలల అవతల తేలుతున్న థర్మాకోల్ ముక్కని చూపించి చూస్తా ఉండమన్నాడు. కట్టేసిన పడవల్ని ఒక్కోదాన్నే దాటుకుంటా అది ఉత్తరానికి పోతానే ఉంది, మనం నడిచినంత స్పీడు లేదు గానీ ఆగేదీ లేదు. చలికాలంలో నీళ్ళు దక్షిణానికి లాగుతాయంట, ఎండలు మొదలయ్యాక ఉత్తరానికి. అంటే డిసెంబరుకి గీసిన కోర్సు అప్పటికి కరెక్టే, పందెం మార్చికి తెచ్చినోళ్ళు స్టార్టింగ్ చోటుని పార్కింగ్ కోసం ఇంకాస్త పైకి జరిపారు గానీ దిక్కు తిప్పలా. మా కొత్తపట్నంలో ఎండాకాలం ఈది బయటికొస్తే చెప్పులు విడిచిన చోటు ఎక్కడో దక్షిణాన ఉండేది, ఇన్నాళ్ళూ ఇసకలో గుర్తు తప్పుతున్నా అనుకునేవాణ్ణి.

సరుగుడు తోటలో దారి నీడగా బాగానే ఉంది, కాకపోతే మెత్తటి ఇసక, చీలమండ దాకా దిగుతుంది, పైన ఎండాకులు పరుచుకుని ఉంటే అడుగున ఏముందో తెలీదు. తోట దాటాక రొయ్యల గుంటల గట్టు, నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్ల మోత, ఆ వాసన, గట్టు పొడుగునా సర్కారు తుమ్మ. షూ అడుగు నుంచి రెండు ముళ్ళు పీక్కున్నా, ఒకటి లోపల సాక్సు దాకా వచ్చింది. అడుగు గట్టిగా ఉండే షూ వేసుకుంటే ఇసకలో బరువు, తేలిగ్గా ఉండేది వేసుకుంటే ముల్లు.

నిర్వాహకులకి ఫోన్ చేసి కనీసం ఈత దక్షిణం నుంచి మొదలుపెట్టమన్నా. "చూస్తాం సార్, సముద్రం మరీ ఎక్కువగా ఉంటే ఈత తీసేసి పరుగు, సైకిల్, మళ్ళీ పరుగు పెడతాం" అన్నాడు. ఒడ్ల సంగతి చెప్తే "వాలంటీర్లు ఉంటారు సార్" అంట, వాలంటీర్లు పుట్లు మోస్తారా?

నేనైతే ఆ 2500 రూం తీసుకోను. బామ్మర్ది ఇంట్లో పడుకుని తెల్లారుజామున మూడున్నరకి బయల్దేరతా, ఆ టైంకి ఒడ్లు కుప్పచేసి పట్టలు కప్పుంటారు, రాళ్ళు మాత్రం అక్కడే వదిలేస్తారు కాబట్టి సైకిల్‌కి మంచి లైటొకటి కొనాలి.