పన్నెండున్నరకు మోగే ఈల

షార్జాలో మా భవన నిర్మాణ సైటులో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు ప్రతి మధ్యాహ్నం పన్నెండున్నరకు ఈల మోగుతుంది. పరంజా మీద ఉన్నవాళ్ళందరూ దిగాలి. మూడు గంటల దాకా ఎండలో ఎవరూ పని చేయకూడదు. 2005 నుంచి ఏటా వేసవిలో యూఏఈ ప్రభుత్వం ఇలా మధ్యాహ్నపు పని ఆపిస్తోంది.

జగిత్యాల నుంచి నా కింద పనికి కొత్తగా వచ్చిన కుర్రవాడొకడు మొదటి వారంలోనే నన్ను నిలదీశాడు. "అన్నా, ఒళ్ళు నాది, కష్టం నాది. నేను ఓర్చుకుంటానంటే వద్దనడానికి వీళ్ళెవరు?" వీసా కోసం ఊళ్ళో మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు అతని మెడ మీద ఉంది. ఓవర్‌టైం దొరికితేనే అసలు తరుగుతుంది. మధ్యలో రెండున్నర గంటలు ఆగితే తెల్లవారుజామున మొదలైన ఎనిమిది గంటల పని సాయంత్రం దాకా సాగుతుంది. ఆ తరువాత అదనపు గంటలకు పొద్దూ అంతగా మిగలదు, ఒంట్లో ఓపికా ఉండదు.

అతని మాటకు నాకు కోపం రాలేదు. నా మొదటి వేసవిలో నేనూ అలాగే అనుకున్నాను. అప్పుడు పని చేసిన కంపెనీ మెయిన్ రోడ్డుకు కనబడని వైపు మధ్యాహ్నం కూడా పని చేయించేది, మేమూ సంతోషంగానే చేసేవాళ్ళం. ఆగస్టులో ఒక రోజు నా పక్కన ఇనుప చువ్వలు కడుతున్న మనిషి ఉన్నట్టుండి పొంతన లేని మాటలు మొదలుపెట్టాడు. ఇంట్లో ఎవరినో పిలుస్తున్నట్టు నన్ను వేరే పేరుతో పిలిచాడు. చేయి పట్టుకుంటే పెనంలా కాలుతోంది. నీడకు మోసుకెళ్ళి నీళ్ళు పోశాం. ప్రాణం దక్కింది గానీ మళ్ళీ ఎండలో పని చేయలేక ఇంటికి వెళ్ళిపోయాడు. అప్పు మాత్రం అతని వెంటే వెళ్ళింది.

సముద్రపు ఒడ్డున ఉండే ఈ ఎండ మన ఎండలాంటిది కాదు. గాలిలో తేమ నిండినప్పుడు చెమట కారుతుందే తప్ప ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. వడదెబ్బ ముందుగా మతిని తడబరుస్తుంది. 'నేను ఓర్చుకోగలను' అని చెప్పాల్సిన బుర్రే అప్పటికి సరిగా పని చేయదు. అలాంటప్పుడు నిర్ణయం అతనికే వదిలేయాలంటే ఎలా?

మా ఊళ్ళో వేసవి దుక్కులప్పుడు ఎండ ముదరక ముందే అరకలు విప్పేవాళ్ళం. చట్టమేదీ లేదు, అవసరమూ లేదు. చేను మాది, ఎద్దులు మావి, ఎప్పుడు ఆగాలో మాకే తెలుసు. ఇక్కడ పని మరొకరిది, వీసా మరొకరి చేతిలోది, అప్పు ఇంకొకరిది. ఇన్ని ముడుల మధ్య నిలబడ్డవాడు 'నా ఇష్టం' అంటే ఆ మాటలో అతని ఇష్టం ఎంతో నాకు తెలుసు. అందుకే ఈల మోగాలంటాను.

అలాగని ఈ నిబంధనను నెత్తిన పెట్టుకోను. ఉల్లంఘిస్తే ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హాముల జరిమానా, అంతా కలిపి 50,000 మించదు. పదిమందిని ఎండలో నిలబెట్టినా వందమందిని నిలబెట్టినా కంపెనీకి పడే దండుగ ఒకటే. ఖతార్‌లో 2021 నుంచి వేళతో పాటు వేడినీ చూస్తున్నారు. ఎండ, తేమ, గాలి కలిపి లెక్కగట్టే కొలత 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా ఎండలో పని ఆపాలి. ప్రాణానికి ముప్పని కార్మికుడికి గట్టిగా అనిపిస్తే తానే పని ఆపవచ్చు. నన్నడిగితే చట్టంలో మేలైన మాట అదే.

ఎత్తు నుంచి పడిపోకుండా కట్టుకునే సేఫ్టీ బెల్టు సంగతి వేరు. అక్కడ నియమం తప్పేది ఎక్కువగా మేమే. అడుగడుగునా బెల్టుకున్న రెండు కొక్కేల్లో ఒకటి తగిలించి రెండోది విప్పుకుంటూ వెళితే పని నెమ్మదిస్తుంది, అందుకని సేఫ్టీ ఆఫీసరు అటు తిరగగానే రెండూ విప్పేస్తారు. ఆ జగిత్యాల కుర్రవాడూ ఒకసారి విప్పాడు. ఆ రోజుకు కిందికి దింపి గదికి పంపించాను. ఒక రోజు కూలి పోయింది. రాత్రి క్యాంపులో నాతో మాట్లాడలేదు. నాకూ అన్నం సయించలేదు. అయినా రేపు మళ్ళీ విప్పితే మళ్ళీ దింపుతాను. వాళ్ళమ్మకు ఫోను చేసి చెప్పాల్సిన రోజు నాకు రాకూడదు.

సెప్టెంబరు 16న ఈల మోగదు. ఎండ మాత్రం ముందురోజు లాగే ఉంటుంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం గంటకోసారి నా ఎనిమిది మందినీ నేనే నీడకు దింపుతాను. పావుగంట కూర్చోబెట్టి ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్ళు తాగిస్తాను. ఆలస్యం ఎందుకైందని ఇంజనీరు అడిగితే నా పేరే రాసుకోమని చెప్పాను.