పద్దెనిమిదేళ్ల ఫైళ్లతో లినక్స్‌లోకి

నా డీటీపీ షాపు కడప ఏడురోడ్ల కూడలికి దగ్గరలో ఒక సందులో ఉంది. పెండ్లి పత్రికలు, బడుల ప్రశ్నపత్రాలు, అర్జీలు, కరపత్రాలు, ఎప్పుడైనా ఒక కవిగారు సొంత ఖర్చుతో వేసుకునే పుస్తకం, ఇవే 2007 నుంచి నా జీవనం. షాపులో ప్రధానమైన కంప్యూటరును 2017లో కొన్నాను. అందులో ఉన్నది ఇంటెల్ ఏడవ తరం ప్రాసెసర్. విండోస్ 11 దాదాపుగా ఎనిమిదవ తరం నుంచే ఒప్పుకుంటుందని, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలుగా వచ్చే భద్రతా సవరణలు ఆగిపోతాయని తెలిసినప్పటి నుంచి, నిక్షేపంగా పనిచేస్తున్న యంత్రాన్ని పాత ఇనుప సామాన్ల వాడికి ఎందుకు వేయాలన్న పంతం నాలో మొదలైంది. మరో ఏడాదిపాటు సవరణలు తెచ్చుకునే వెసులుబాటు లేకపోలేదు గాని, ఏడాది గడిచాక మళ్లీ ఇదే గుమ్మం ముందు నిలబడాలి కదా. అందుకని, కంప్యూటరును నడపడానికి విండోస్‌కు బదులుగా వాడుకోగల లినక్స్‌కు మారాను.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. లినక్స్‌ను మెచ్చుకునేవారు మొదట చెప్పే మాట అది ఉచితమని. ఆ మాట మా వీధిలో చెల్లదు, ఎందుకంటే నేను విండోస్‌కు కూడా ఏనాడూ పైసా కట్టలేదు. కంప్యూటరు భాగాలు జోడించి ఇచ్చిన కుర్రవాడే విండోస్, పేజీలు అమర్చే పేజ్‌మేకర్, ఫొటోషాప్, తెలుగు ఫాంట్లు అన్నీ ఒకే పూటలో ఎక్కించి ఇచ్చాడు. లైసెన్సు మాట అతను ఎత్తలేదు, నేను అడగలేదు. తప్పు నాదే. ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల సాఫ్ట్‌వేరు కోసం రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన నాటి నుంచి ఇంగ్లీషువాళ్లు ‘ఫ్రీ’ అన్న మాటకున్న రెండు అర్థాలను విడదీసి చెప్పలేక తంటాలు పడుతూనే ఉన్నారు. మనకు ఆ బాధ లేదు: ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. తెలుగునాట ఈ ఉద్యమం నడిపే సంస్థ ‘స్వేచ్ఛ’ అనే పేరే పెట్టుకుంది. ఆ తేడా నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. పక్క షాపతను అడిగితే, లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవులో వేసి చేతికిచ్చిన రోజున, ఒక సాఫ్ట్‌వేరు నకలును ఎవరికైనా ఇస్తూ నేను అటూ ఇటూ చూడకపోవడం అదే మొదటిసారి అని తోచింది.

ఎక్కించే పని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు, “మామా, ఇది లోపల పెట్టకముందే పెన్‌డ్రైవు మీంచి నడిపి చూసుకోవచ్చు, నీ ఫైళ్లకేం కాదు” అని ధైర్యం చెప్పి, మింట్ 22ను ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ముందు మొదలుపెట్టి, తిన్న చేయి కడుక్కునేలోగా ముగించాడు. అది ఉబుంటు అనే మరో లినక్స్ రకం 24.04 కూర్పు మీద కట్టినది, 2029 వరకు సవరణలు వస్తాయి. వైఫై కోసం వెనక గుచ్చిన చిన్న పరికరాన్ని మాత్రం మింట్ గుర్తుపట్టలేదు. ఫోనును తీగతో కలిపి దాని ఇంటర్‌నెట్ మీద డ్రైవరు దించుకున్నాం. ప్రింటరు అంతకంటె మొండికేసింది. దాని తయారీదారు లినక్స్ కోసం ఏనాడో ఇచ్చి వదిలేసిన డ్రైవరు మూడు పేజీలు అచ్చువేసి నాలుగో పేజీ దగ్గర నిద్రపోయేది. పేరెందుకు గాని, చివరికి ఆ ప్రింటరును షాపులోని రెండో కంప్యూటరుకు తగిలించి సమస్య నుంచి తప్పుకున్నాను తప్ప దాన్ని జయించానని చెప్పలేను.

భద్రం కోసమని విండోస్‌ను తీసేయకుండా రెండూ పక్కపక్కనే ఉండేటట్టు పెట్టుకున్నాను. మరునాడు ఉదయం పదకొండు గంటలకు ఏదో పాత ఫైలు కోసం విండోస్ తెరిస్తే గడియారం అయిదున్నర చూపిస్తోంది. బోర్డు మీది బ్యాటరీ అయిపోయిందనుకుని కొత్తది కొని వేశాను, అయినా అంతే. అసలు సంగతి ఏమిటంటే, మదర్‌బోర్డు గడియారంలో విండోస్ మన స్థానిక సమయాన్ని రాసిపెట్టుకుంటుంది, లినక్స్ గ్రీనిచ్ సమయాన్ని రాసిపెట్టుకుంటుంది. మనం గ్రీనిచ్‌కు అయిదున్నర గంటలు ముందుంటాం కనుక, లినక్స్‌లో నుంచి విండోస్‌లోకి వచ్చినప్పుడల్లా నా షాపులో తెల్లవారుజాము అయ్యేది. స్థానిక సమయాన్నే వాడమని లినక్స్‌కు ఒక్క ఆదేశం ఇవ్వగానే అది సర్దుకుంది. బ్యాటరీ డబ్బులు దండుగ.

ఇవన్నీ వారం రోజుల చికాకులు. నన్ను నెలల తరబడి తిప్పలు పెట్టింది తెలుగు.

పద్దెనిమిదేళ్లుగా నా వేళ్లు తెలుగు కొట్టడానికి యాపిల్ అనే కీబోర్డు అమరికకు అలవాటుపడి ఉన్నాయి. లినక్స్‌లో ఐబస్ అనే ఏర్పాటు ద్వారా ఇన్‌స్క్రిప్టు, ఆర్‌టీఎస్ అనే వేరే అమరికలతో పాటు యాపిల్ అమరిక కూడా దొరికినప్పుడు పొంగిపోయాను గాని, అక్షరాలు చాలావరకు పాతచోటే ఉన్నా చేతికి పని మారిపోయింది. మేము వాడిన ఫాంట్ల ప్యాకేజీలో కంప్యూటరుకు తెలుగు అనేదే తెలియదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేతాల మీద తెలుగు ముక్కల బొమ్మలు అతికించి ఉండేవి: తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తులు మరోచోట. ఇటుకలు పేర్చినట్టు ఆ ముక్కలు పేర్చి, కంటికి అక్షరంలా కనిపిస్తే చాలనుకునేవాళ్లం. ప్రతి భాష అక్షరాలకూ వాటి సొంత సంకేతాలు కేటాయించే యూనికోడ్‌లో అలా కుదరదు. అక్కడ ‘క్క’ అంటే క, పొల్లు, మళ్లీ క, అంతే. రూపం సంగతి ఫాంటు చూసుకుంటుంది. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. లినస్ టోర్వాల్డ్స్ తాను రాస్తున్న కెర్నెల్ గురించి, అంటే లినక్స్‌కు గుండెకాయ వంటి భాగం గురించి, లోకానికి మొదట చెప్పింది కూడా ఆ ఏడాది ఆగస్టులోనే. ఈ రెండూ నా కంటె ముందే సిద్ధంగా ఉండగా, 2007లో షాపు తెరిచి మరీ నేను ఇటుకలు పేర్చుకుంటూ కూర్చున్నాను.

లినక్స్‌లో బొమ్మలు గీసుకునే లిబ్రెఆఫీస్ డ్రా పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తుందని తెలిసి, ఆశతో ఒక పాత పెండ్లి పత్రికను తెరిచాను. అంచులు, గీతల చట్రం ఉన్నచోటే ఉన్నాయి. పెండ్లికూతురి పేరు ఉండవలసిన చోట డాలరు గుర్తు, ఒక కామా, నాలుగు పొంతనలేని ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. ఫాంటు అనే ముసుగు తొలగితే అక్కడ మిగిలింది అది. పద్దెనిమిదేళ్లలో నేను కొట్టిన తెలుగులో ఒక్క అక్షరం కూడా కంప్యూటరు దృష్టిలో తెలుగు కాదు. వెంకటసుబ్బయ్య అని వెతికితే ఏ ఫైలూ ఎందుకు దొరికేది కాదో, ఒకే అర్జీని ఏడాదికి మూడుసార్లు మొదటి నుంచి ఎందుకు కొట్టేవాడినో అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ నన్ను విండోస్ కట్టేసిందనుకున్నాను. పలుపుతాడు రెండో కొస ఈ ఫాంట్ల ముడిలో ఉంది.

కొత్త పనులకు ఇబ్బంది లేదు. పేజ్‌మేకర్ లాగా పేజీలు అమర్చే స్క్రైబస్ 1.4 కూర్పులో వత్తులు విడివిడిగా పక్కకు పడిపోయేవి గాని, 1.6 కూర్పులో తెలుగు సరిగ్గా అమరుతోంది, అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో పీడీఎఫ్ తీసి ఇస్తే ఆఫ్‌సెట్ ప్రెస్సువాళ్లు మారుమాట లేకుండా తీసుకుంటున్నారు. ఫాంట్లకు కూడా కొదవలేదు. సిలికానాంధ్ర వారు స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చిన పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న వంటివి ఉన్నాయి. కరపత్రం శీర్షికకు రామభద్రను మించినది ప్రస్తుతానికి నాకు కనబడలేదు. అయితే పెండ్లి పత్రికల్లో పాత ఫాంట్ల వయ్యారానికి అలవాటుపడిన పెద్దలు, “అక్షరం మారిందే అబ్బీ” అని పట్టేస్తారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది, ఆ సొగసులో కొంత ఇంకా రావలసి ఉంది.

పాత ఫైళ్ల కోసం విండోస్ 7ను, అదే పేజ్‌మేకర్‌ను, ఇంటర్‌నెట్ తగలకుండా, కంప్యూటరు లోపలే మరో కంప్యూటరును నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఒక గదిలాగా కట్టి ఉంచాను. లైసెన్సు లేనివే అవి కూడా. సిగ్గుపడుతూనే చెబుతున్నాను. ఆ గదిలో నుంచి పాఠం నకలు తీసుకుని, సంకేతాలను యూనికోడ్‌లోకి మార్చే పరికరానికి ఇచ్చి, వచ్చినదాన్ని చదివి దిద్దుకోవాలి. దిద్దకపోతే ఏమవుతుందో మొదటి పత్రికతోనే తెలిసింది. పాత ఫాంటులో ‘మ’కు విడిగా బొమ్మ లేదు, ‘వ’ పక్కన కొమ్ములాంటి తోక తగిలిస్తే ‘మ’ అవుతుంది. కంటికి అది చక్కని ‘మ’. మార్పిడి పరికరానికి కళ్లు లేవు కనుక దాన్ని ‘వు’ అని చదివింది. శ్రీమతి కాస్తా ‘శ్రీవుతి’ అయింది, రమణ ‘రవుణ’ అయింది. వెతికి ఒక్కసారిగా మార్చేద్దామంటే, ‘ఆవు’ను కూడా ‘ఆమ’ చేసి పెడుతుంది. పంక్తి పంక్తి చదవడం తప్ప దారి లేదు.

మా ఊళ్లో ఎర్రముక్కపల్లెలో, బ్రౌన్ దొర బంగళా ఉండిన చోటనే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. తాళపత్రాలను పండితుల చేత కాగితం మీదికి ఎక్కించి, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి తప్పులు దిద్దించిన మనిషి ఆయన. నా ఫైళ్లు కావ్యాలేమీ కావు, చాలావరకు ఎప్పుడో జరిగిపోయిన పెండ్లిళ్ల ముహూర్తాలు. పెండ్లి పత్రికలను వదిలేసి, బడుల ప్రశ్నపత్రాలు, అర్జీల నమూనాలు, ఇద్దరు కవిగార్ల పుస్తకాలు మాత్రం మార్చుకుంటే చాలని నిర్ణయించుకున్నాను. ఆ ఇద్దరిలో ఒకాయన ఇప్పుడు లేరు. ఆయన పద్యాల అచ్చుప్రతి వాళ్ల ఇంట్లో కూడా ఒక్కటే మిగిలిందట. వాళ్లబ్బాయి వచ్చి, “అన్నా, ఫోనులో చదువుకునేటట్టు చేసియ్యగలవా” అని అడిగి వెళ్లాడు.

రాత్రి ఎనిమిదింటికి షట్టరు సగం దించి ఒక గంట ఆ పనిలో కూర్చుంటాను. ఇప్పటికి 2011 ఫోల్డరు దాకా వచ్చాను. ఆ పద్యాల పుస్తకం 2012లో ఉంది.