వెన్ను ఆపరేషన్ అయ్యాక రెండు వారాలు మంచం మీదే ఉండిపోయాను

నాకు నడుం కింది భాగంలో ఎల్4-ఎల్5 అనే రెండు పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారి నరాన్ని నొక్కేసిందండి. అంబాజీపేట దగ్గర కొబ్బరికాయల వ్యాపారం మాది, ఇరవై ఏళ్ళుగా బస్తాలు ఎత్తినోణ్ణి, చివరికి ఎడం కాలు పిర్ర నుంచి బొటనవేలి దాకా ఒకటే లాగుడు, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. బొటనవేలు పైకి లేవట్లేదని చూసి డాక్టరుగారు ఇంక ఆగొద్దన్నారు, రాజమండ్రిలో మైక్రోడిసెక్టమీ చేశారు, అంటే చిన్న కోత పెట్టి నరాన్ని నొక్కుతున్న డిస్క్ ముక్క తీసేయడం.

మర్నాడు పొద్దున్నే లేపి నడిపించేశారు. పక్కకి తిరిగి, కాళ్ళు కిందకి దించి, చేత్తో మంచాన్ని నెట్టుకుంటూ లేవాలి, వెల్లకిలా పడుకుని తిన్నగా లేవకూడదు. ఎక్కువసేపు కూర్చోవద్దన్నారని ఇంటికొచ్చేటప్పుడు గౌతమి బ్రిడ్జి దాటి రావులపాలెంలో కారు ఆపించి అయిదు నిమిషాలు నడిచాను కూడా.

ఇంటికొచ్చాకే పాడుచేసుకున్నాను. మా అమ్మ "నాన్నా, వెన్ను కోశారు, మూడు నెలలు మంచం దిగకు" అంది, చూడ్డానికొచ్చినోళ్ళందరిదీ అదే మాట, పాపం అందరూ ప్రేమతోనే చెప్పారు, నాకూ లోపల భయమే, బాత్రూంకి తప్ప లేవలేదు. కుట్లు తీయించుకోడానికి వెళ్ళేసరికి ఎడం తొడ సన్నబడిపోయింది, పది అడుగులకే కాళ్ళు వణుకు.

అప్పుడు డాక్టరుగారు కూర్చోబెట్టి, కాదు నిలబెట్టే చెప్పారు. నడక మొదటిరోజు నుంచీ ఉండాలి, పడుకునే ఉంటే కండ కరిగిపోద్ది, పిక్కల్లో రక్తం గడ్డకట్టొచ్చు, అందుకే పడుకున్నప్పుడు కూడా పాదాలు పైకీ కిందకీ ఆడిస్తుండాలి. ఫిజియో దగ్గర చేసే ఎక్సర్‌సైజులు వేరు, అవి నాలాంటి ఆపరేషన్‌కి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాల మధ్య మొదలెడతారంట. డిస్క్ పైపొరకి పడ్డ చిల్లు మానాలి కదా, ఈలోపు వంగి బరువెత్తినా, నడుం మెలితిప్పినా మిగిలిన గుజ్జు మళ్ళీ బయటకొచ్చేయొచ్చు. జ్వరమొచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా, పిక్క వాచినా, కాలు ఇంకా బలహీనపడినా, ఒంటేలు ఆగిపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా వచ్చేయమన్నారు.

ఆ సాయంత్రమే కాలవ గట్టు మీద అయిదు నిమిషాలు. రోజుకి మూడు నాలుగుసార్లు అలా నడిచి వారం వారం కొంచెం పెంచుకుంటూ పోయాను, వర్షం పడి గట్టు జారుతుంటే అరుగు మీదే అటూ ఇటూ. అయిదో వారంలో ఫిజియోకి వెళ్ళాను. ఫోన్లో వీడియోలు చూసి ఏదేదో ఊహించుకున్నాను గానీ మొదటి రోజుల్లో ఊపిరి తీస్తూ పొట్ట బిగించడం, మడమని మంచం మీద జరపడం, బొటనవేలు పైకెత్తడం, అంతే. నడుం పైకి లేపి ఆపేది తర్వాతెప్పుడో వచ్చింది. మా వీధిలో ఒక పెద్దాయనకి స్క్రూలు వేసి పూసలు కలిపారు, ఆయనకి మూడో నెలదాకా నడక తప్ప ఏమీ వద్దన్నారు, "నీకు ముందే ఎలా మొదలెట్టారు" అని తెగ కంగారుపడ్డారు. ఆపరేషన్లే వేరండి, ఎక్సర్‌సైజులు మొదలెట్టే డేట్ మీ సర్జన్‌నే అడగండి, డిశ్చార్జి రోజే అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఇప్పుడు నాలుగో నెల. బొటనవేలు లేస్తుంది గానీ కుడివైపంత కాదు, సాయంత్రానికి పాదం పైన ఇంకా తిమ్మిరి ఉంటుంది. కొబ్బరికాయల దింపు రోజుల్లో గట్టు మీద నిలబడి లెక్క రాస్తున్నాను, బస్తాలు మా తమ్ముడు ఎత్తుతున్నాడు.