అమ్మ ఫొటోతో మాట్లాడితే అసాధారణమా?

అమ్మ పోయాక రోజూ ఆమె ఫొటోతో మాట్లాడేదాన్ని. చూసినవాళ్లు "ఇది నార్మల్ కాదు" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్. చివరికి సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. నలుగురిలా ఉన్నానా లేదా అని ఆవిడ అడగనే లేదు. నిద్ర పడుతోందా, పనులు చేసుకోగలుగుతున్నానా, ఈ అలవాటు నన్ను బాధపెడుతోందా, నాకు గానీ ఇతరులకు గానీ హాని ఉందా అని అడిగారు. భిన్నంగా ఉండటం ఒక్కటే కొలత కాదట. అయినవాళ్లు పోయినప్పుడు కలిగే సహజమైన దుఃఖాన్ని, మానసిక రుగ్మతల జాబితా ఉండే అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకం డీఎస్ఎం-5 కూడా రుగ్మతగా లెక్కించదని చెప్పారు.

1973 వరకు స్వలింగ ఆకర్షణ కూడా అమెరికా సైకియాట్రిస్టుల రుగ్మతల జాబితాలో ఉండేది! ఎంతమంది ఆ ముద్ర మోశారో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

నిన్న రాత్రి కూడా అమ్మతో చాలాసేపు మాట్లాడాను.