గద్ద కాళ్ళలో ఉన్నది పుల్లేనా?

ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో గద్దలు నిప్పు మోస్తాయట. కాలుతున్న చోటు నుంచి మండే పుల్లను ముక్కుతోనో కాళ్ళతోనో పట్టుకెళ్ళి, ఇంకా అంటుకోని గడ్డిలో పడేస్తాయి. మంట లేచాక ప్రాణభయంతో బయటికి ఉరికే పురుగులనూ తొండలనూ పట్టుకు తింటాయి. అక్కడి ఆదివాసులు తరతరాలుగా చెప్పుకుంటున్న ఈ సంగతిని, కళ్ళారా చూసినవాళ్ళ మాటలతో కలిపి 2017లో ‘జర్నల్ ఆఫ్ ఎత్నోబయాలజీ’ అనే పరిశోధన పత్రికలో అచ్చువేశారు. అందులో చెప్పిన మూడు పక్షుల్లో ఒకటి నల్ల గద్ద. మన కోడిపిల్లలను తన్నుకుపోయే గద్దది కూడా అదే జాతి! అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను ములుగు జిల్లాలో, ఏటూరునాగారం అభయారణ్యం అంచున ఉన్న ఒక బడిలో పాఠాలు చెప్తాను. ఇప్పపువ్వు రాలే కాలంలో, పువ్వు ఏరుకోవడానికి నేల శుభ్రంగా ఉండాలని చెట్ల కింద ఎండుటాకు కాలుస్తారు. ఆ పొగ చుట్టూ పిట్టలు మూగడం నేనూ చూశాను. మా దగ్గర గద్దల సంగతేమిటో అడగాలని, అడవి బాగా తెలిసిన ఒక కోయ తాత ఇంటికి వెళ్ళాను.

వెళ్ళగానే అడిగాను: “తాతా, గద్దలు అగ్గి మోసుకపోతయా?”

చాలాసేపు ఊరుకుని, “పోతయేమో బిడ్డా” అన్నాడు.

ఎగిరి గంతేసినంత సంతోషంతో రాసుకున్నాను. ఇంటర్ చదివే ఆయన మనవరాలు నన్ను రోడ్డు దాకా సాగనంపుతూ, “మేడం, ఇంటికొచ్చిన మనిషిని మా తాత కాదనడు” అంది. ఆ రాత్రే ఆ వాక్యం కొట్టేశాను. తప్పు పూర్తిగా నాదే. జవాబు చేతిలో పెట్టుకుని ప్రశ్న అడిగాను.

రెండోసారి గద్ద పేరే ఎత్తలేదు. “ఆకు కాలవెట్టినప్పుడు ఏమేం వస్తయి తాతా?” అన్నాను. ఫోన్లో రికార్డు చేసుకోవచ్చా అని ముందే అడిగాను. ఈసారి కోయ భాషలో గంటసేపు చెప్పాడు. మనవరాలు ఆగి ఆగి తెలుగు చేసింది. ముందు ఏట్రింత అనే నల్ల పిట్ట వస్తుంది, పొగ అంచున కొమ్మ మీద కూర్చుని లేచే పురుగును గాలిలోనే పట్టేస్తుంది. తర్వాత పాలపిట్ట. గద్దలు పైన చుట్లు కొడతాయి, బూడిద చల్లారాక నేల మీదికి దిగి నడుస్తాయి. తోక చీలి ఉన్నదే గద్ద అనీ, గాలిలో ఒక్కచోట నిలబడి రెక్కలాడించేది వేరే పిట్ట అనీ విడమరిచి చెప్పాడు. పుల్ల మోయడం తాను చూడలేదన్నాడు. నాకు కొంచెం దిగులేసింది, నిజమే. కానీ ఆ గంటలో ఆయన చెప్పింది నేను వెతుక్కుంటూ పోయినదానికన్నా ఎక్కువే.

ఆ తర్వాత రెండు వారాల పాటు తెల్లవారుజామునే పోయి కూర్చున్నాను. ఒక పొద్దున కాలిన నేల మీద నుంచి గద్ద ఏదో పట్టుకుని లేచింది. సన్నగా, పొడుగ్గా, నల్లగా ఉంది. గుండె ఝల్లుమంది. ఫొటో తీసి ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే, తోక వేలాడుతున్న తొండ. ఫొటో లేకపోతే ‘పుల్ల’ అనే రాసి ఉండేదాన్ని. అప్పటి నుంచి నోటుపుస్తకంలో పేజీకి మూడు గడులు గీశాను: నేను చూసింది, తాత చెప్పింది, నేను అనుకున్నది. మూడో గడిలోది మొదటి గడిలోకి జారకుండా చూడటమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం.

ఇంకొక చిక్కు నాకు ఆలస్యంగా తట్టింది. అభయారణ్యానికి ముప్పు వచ్చేలా అందులో నిప్పు పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం 30వ సెక్షన్ కింద నేరం. ఫలానా రోజు ఫలానా చెట్టు కింద ఫలానావాళ్ళు ఆకు కాల్చారని నేను రాస్తే, పిట్టల లెక్క కాస్తా మనుషుల మీద కేసు అవుతుంది. అందుకే మనుషుల పేర్లూ చెట్ల గుర్తులూ తీసేశాను. పక్షి, వేళ, మంటకు ఎంత దూరంలో ఉంది, ఎంతసేపు ఉంది, ఇవే ఉంచాను.

చివరికి రాసిందంతా తాతకు చదివి వినిపించాను. మనవరాలు కోయలో చెప్తుంటే ఆయన రెండుచోట్ల ఆపాడు. పాలపిట్ట మంట దగ్గరికి రాదు, దూరంగా ఉంటుందని దిద్దించాడు. ఇంకోచోట “ఇది నేను జూసింది కాదు బిడ్డా, మా నాయిన చెప్పిండు, అట్లనే రాయి” అన్నాడు. దానికి నాలుగో గడి గీయాల్సి వచ్చింది.

2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీలో, ఊరి చెట్టూచేమా పిట్టాజంతువుల గురించి జనానికి తెలిసింది రాసిపెట్టే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉంటుందనీ, అందులో ఎక్కించవచ్చనీ చెప్పాను. “ఇది నా ఒక్కనిది కాదు, ఊరోళ్ళు కూసుండి చెప్పాలె” అన్నాడు. వాళ్ళింకా కూర్చోలేదు. పుస్తకం వాళ్ళింట్లోనే ఉంచి వచ్చాను. ఖాళీ పేజీల్లో మనవరాలు కోయ మాటలను తెలుగు లిపిలో రాస్తోంది.